సైరంధ్రి ఫిర్యాదు

భారతమును తెనిగింప బూనిన తిక్కన సోమయాజి మొట్టమొదట చేపట్టినది విరాటపర్వము. ఆ పర్వమున పండితులు రసపోషణకై మెచ్చుకొనునదియు, నాటక సమాజములవారు రక్తికై పదే పదే ఆడినదియు కీచకవధ ఘట్టము. కీచకుడు నర్తనశాలలో చచ్చిన రాత్రి అందరికిని జ్ఞాపకమే. అంతకు మున్ను కొలువుకూటమున జరిగిన దానిని తలపోయువారు మాత్రము తక్కువ. రాజునకు బావమరదియు, సేనాపతియునైన కీచకుడు చేయి పట్టగా, సైరంధ్రి విదిలించుకొని పరుగున వచ్చి రాజసభలో పడినది. వాడు వెంబడించి వచ్చి, జుట్టు పట్టి, నిండుకొలువులో కాలితో తన్నెను. ఆమె విరాటుని న్యాయ మడిగినది. వ్యాసుని మూలమున విరాటుడిచ్చిన సమాధానపు తాత్పర్య మిది: మీ యిరువురి కలహము నా చాటున జరిగినది, నిజ మెరుగక నేనేమి చెప్పగలను? కలహము చాటుననే జరిగియుండవచ్చును గాని, తన్నుట మాత్రము ఆయన కన్నులయెదుటనే జరిగినది. కంకుభట్టు వేషమున నున్న ధర్మరాజు ఇంకొక అడుగు ముందుకు వేసెను. నటివలె ఏడ్చుచు ఇచట నిలువవలదనియు, జూదమునకు విఘ్న మగుచున్నదనియు, లోనికి పొమ్మనియు చెప్పెను. అజ్ఞాతవాసము బయటపడునను భయమే ఆయనచేత అట్లనిపించినదని వ్యాఖ్యాతలు సమర్థింతురు. సమర్థింపవచ్చును. కాని ఆ సమర్థన మంతయు ధర్మరాజు పక్షమున చెప్పినదే.

ఈ రెండు సమాధానములలోను ఫిర్యాదును తూచు తక్కెడ యొకటి దాగియున్నది. చూచినవా రెవరు? ఎదుటివా డెంతవాడు? ఈ యేడ్పు నిజమా, నటనమా? నేటి పోలీసు ఠాణాలో బల్లకు ఆవలిప్రక్క కూర్చున్న అధికారి మనస్సున మెదలు ప్రశ్నలును, చట్టములెన్ని మారినను, చాలవరకు ఇవియే. అత్యాచారమునకు గురియైన స్త్రీ కోర్టు మెట్లెక్కుటకు ముందే ఆమె మాటను తూచువాడు న్యాయమూర్తి కాడు. ఒక సబిన్‌స్పెక్టరో, హెడ్ కానిస్టేబులో, ఒక్కొక్కచోట ఠాణా రైటరో. ఆ తూనికకు వాదప్రతివాదములు లేవు, తీర్పు ప్రతి యుండదు. “రేపు రా అమ్మా” అన్న రెండు మాటలలో అది ముగిసిపోవచ్చును.

చట్టము చెప్పునది సూటిగానే యున్నది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 154వ సెక్షనుగా నుండి, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షనుగా మారిన నిబంధన ప్రకారము, పోలీసులు వారంటు లేకయే పట్టుకొనదగిన నేరమును గూర్చి సమాచార మందినపుడు అధికారి దానిని వ్రాసికొని, చదివి వినిపించి, సంతకము చేయించుకొని, నకలు ఉచితముగా నీయవలెను. నమ్మినయెడల వ్రాసికొనుమని అందు లేదు. 2013 నవంబరు 12 న లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనము, అయిదుగురు న్యాయమూర్తులును ఏకాభిప్రాయముగా, ఈ సంగతినే తేల్చి చెప్పినది. సమాచారమునుబట్టి అట్టి నేరము కనబడినచో నమోదు చేయక తప్పదు. అది నిజమా, నమ్మదగినదా యన్న మీమాంస నమోదుకు ముందు వచ్చునది కాదు. వినుట యొకటి, నమ్ముట యొకటి, నిరూపించుట వేరొకటి. చట్టము ఈ మూటిని మూడు మెట్లుగా కట్టినది. ఠాణా అలవాటు మూటిని ఒక్క మెట్టుగా చేసి, దాని నెక్కలేనివారిని గడపలోనే ఆపుచున్నది.

ఈ అలవాటునకు వేరులు మన మాటలలోనే ఉన్నవేమో చూడదగును. తెలుగున ఈ నేరమునకు చిరకాలముగా వాడబడు పదములలో “మానభంగము” ఒకటి. భంగపడినది మానమట; అనగా నేరము తగిలినది దేహమునకు గాదు, స్త్రీ స్వేచ్ఛకు గాదు, పరువునకు. మానమే లేదని లోకము నిర్ణయించిన స్త్రీకి ఇక భంగపడుటకు ఏమి మిగిలినది? ఈ ప్రశ్న ఎవరును పైకి అడుగరు; కాని “ఈమె ఎటువంటిది?” అని ఇరుగుపొరుగుల విచారించు పోలీసువాడు అడుగుచున్నది అదియే. “చెఱచుట” మరియు క్రూరమైన మాట. చెడు అను ధాతువునకు ప్రేరణరూపమది. చేసినవాడు చెడలేదు, ఆమె చెడినది. “బలాత్కారము” కొంత మేలు, అందు నేరము బలవంతునిపై నిలుచుచున్నది. కాని ఆ మాట బలమును చూపుమనును. బలమునకు గుర్తు గాయము. గాయము లేనిచో బలాత్కారమే లేదని తర్కము సాగును. “అత్యాచారము” అనగా హద్దుమీరిన నడత. నాలుగింటిలో స్త్రీని గూర్చి ఏమియు చెప్పక నేరస్థుని గూర్చి మాత్రమే చెప్పున దిదియే. పత్రికలు దీనిని పట్టుకొనుట మంచిదే యైనది. ఠాణా కాగితములలో మాత్రము పాత మాటలు చాలకాలము నిలిచినవి, మాటలతోపాటు వాని వెనుకనున్న తలపులును నిలిచినవి.

గాయము లేనిచో నేరము లేదను తర్కము దేశపు అత్యున్నత న్యాయస్థానము వరకు ఎక్కినది. మహారాష్ట్రలో, నాటి చంద్రపూరు జిల్లా దేశాయిగంజి ఠాణాలో 1972 మార్చి 26 రాత్రి జరిగినది చట్టము చదువుకొను ప్రతి విద్యార్థికిని పాఠమే. తలిదండ్రులు లేని ఆదివాసి కూలిపిల్ల. వయస్సు పదునాలుగునకు పదునారునకు నడుమ. ఆమెను ఎవరో తీసికొనిపోవుచున్నారని అన్న యిచ్చిన ఫిర్యాదుపై పోలీసులే అందరిని పిలిపించిరి. వాంగ్మూలములు ముగిసిన పిదప తక్కినవారిని బయటకు పంపి, ఆమెను లోపల నిలిపి, తలుపు మూసిరి. వెలుపల అన్నయు, బంధువులును నిలిచియుండగా లోపల కానిస్టేబులు అత్యాచారము చేసెనని, త్రాగియున్న హెడ్ కానిస్టేబులు ఆమె శరీరముపై చేయివేసెనని అభియోగము. 1974 లో సెషన్సు కోర్టు ఆమె పూర్వ నడతను ఎత్తిచూపి ఇరువురిని విడిచిపెట్టెను. 1976 లో బొంబాయి హైకోర్టు నాగపూరు శాఖ, భయపడి లొంగుట వేరు, సమ్మతించుట వేరు అని వివేచించి శిక్షలు వేసెను. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షలను కొట్టివేసెను. శరీరమున గాయములు లేవు, ఆమె కేకలు వేయలేదు, కనుక ప్రతిఘటింపలేదని ఊహ. ప్రతిఘటింపలేదు గనుక సమ్మతి యని ఊహ. రాత్రివేళ, ఠాణాలో, తలుపు మూసియున్నపుడు, కూలిపిల్ల పోలీసువానిని ఎట్లు ప్రతిఘటింపవలెనో తీర్పులో లేదు.

మరుసటి సంవత్సరము ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కారు, వసుధా ధగంవార్, రఘునాథ కేల్కరు అను నలువురు న్యాయశాస్త్రోపాధ్యాయులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. లేఖకు జవాబుగా తీర్పు మారలేదు; కాని దేశము కదలినది. 1983 లో చట్టము సవరింపబడి, పోలీసు నిర్బంధము వంటి సందర్భములలో కలయిక రుజువై, స్త్రీ తాను సమ్మతింపలేదని చెప్పినచో, సమ్మతి లేనట్లే కోర్టు భావింపవలెనను నియమము వచ్చినది. బాధితురాలి పేరు ప్రచురించుటయు నేర మైనది.

హైదరాబాదు నగరమునకు ఇట్టి కథ సొంతముగా నొకటి కలదు. 1978 మార్చి నెలాఖరున, రాత్రి ఆట సినిమా చూచి వచ్చుచున్న భార్యాభర్తలను నల్లకుంట పోలీసులు పట్టుకొనిరి. స్త్రీపై ఠాణాలో సామూహికముగా అత్యాచారము జరిగినది. భర్త రిక్షా త్రొక్కి బ్రదుకువాడు. పోలీసు దెబ్బలకు మరణించెను. నగరము భగ్గుమన్నది, కాల్పులు జరిగినవి, కర్ఫ్యూ పెట్టిరి. హైకోర్టు న్యాయమూర్తి ముక్తదర్ ఏకసభ్య విచారణ సంఘముగా నియమింపబడెను. ఆ సంఘము ఎదుట పోలీసుల పక్షము నడిపిన వాద మేమి? తాము ఆ రాత్రి ఏమి చేసినది కాదు. ఆమె ఎటువంటి స్త్రీ యన్నది. వ్యభిచారిణి యనిరి, వివాహమే నిజమైనది కాదనిరి. ఒక మనిషి చనిపోయిన కేసులో చనిపోయినవాని భార్య శీలమునకు విచారణ జరిగినది. ముక్తదర్ సంఘము ఈ వాదములకు లోబడక పోలీసులను దోషులుగా నిర్ణయించి, వారిపై కేసు నడపుమని చెప్పినది. ఆ కేసు రాష్ట్రము దాటి కర్ణాటకములోని రాయచూరు కోర్టునకు మార్పబడి, 1981 లో నిందితు లందరును విముక్తులైరి. ఆ స్త్రీ పేరు ఆనాడు గోడలమీదను, పత్రికలలోను ఊరెల్ల చదివినది. ఇప్పుడు మరల వ్రాయ నవసరము లేదు. నిందితుల పేర్లు అడిగినచో చెప్పగలవారు మాత్రము నగరమున ఎందరుందురో.

శీలవిచారణకు చట్టములోనే చాలకాలము ఆసరా ఉండినది. 1872 నాటి సాక్ష్యచట్టము 155వ సెక్షనులోని నాలుగవ ఉపవిధి, అత్యాచారము కేసులో ఫిర్యాది సాధారణముగా నీతిబాహ్యురాలని చూపి ఆమె సాక్ష్యమును తేలికచేయుట కవకాశమిచ్చెను. అది 2003 వరకు బ్రతికినది. డాక్టరు వ్రేళ్లతో పరీక్షించి “అలవాటు పడినది” అని వ్రాయు పద్ధతి అంతకంటె మొండిది. 2013 లో సుప్రీంకోర్టు దానిని తప్పుపట్టినది. 2014 లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకములు వలదన్నవి. అయినను 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మరల గట్టిగా నిషేధించి, చేసినవారిని దుష్ప్రవర్తన క్రింద శిక్షింపవలసి వచ్చునని హెచ్చరింపవలసి వచ్చినది. ఒకే మాటను మూడు మారులు చెప్పవలసి వచ్చుటయే ఆ మాట ఎంతవరకు చెవి కెక్కినదో చెప్పుచున్నది. 

2012 డిసెంబరున ఢిల్లీలో జరిగిన ఘోరమునకు తరువాత జస్టిస్ వర్మ సంఘము నెలదినములలోపుననే నివేదిక యిచ్చెను. 2013 చట్టసవరణలో రెండు సంగతులు ఠాణాకు సూటిగా తగులుచున్నవి. ఒకటి, సమ్మతి యనగా స్పష్టముగా, స్వేచ్ఛగా తెలుపబడిన అంగీకారమనియు, శారీరకముగా ప్రతిఘటింపకపోవుట మాత్రముచేతనే సమ్మతి కాదనియు వ్రాసిరి. దేశాయిగంజి పిల్లకు నలుబది సంవత్సరముల తరువాత సమాధానము దొరకినది. రెండవది, ఇట్టి ఫిర్యాదును వ్రాసికొనని ప్రభుత్వోద్యోగికి ఆరునెలలకు తక్కువ గాకుండ, రెండేండ్ల వరకు కఠినశిక్ష. కొత్త న్యాయసంహితలో అది 199వ సెక్షను. ఫిర్యాదును స్త్రీ అధికారియే వ్రాసికొనవలెను. బాధితురాలు వికలాంగురాలైనచో ఆమె యింటికో, ఆమె కోరిన చోటికో పోయి వ్రాసికొని, వీడియో తీయవలెను. వైద్యపరీక్ష యిరువదినాలుగు గంటలలో జరుగవలెను. 

అయితే కొత్త సంహిత తలుపు మూసినచోట చిన్న కిటికీ యొకటి తెరచినది. మూడేండ్లకు తక్కువగాక ఏడేండ్లకు లోపుగా శిక్షపడదగిన నేరములలో, డి.ఎస్.పి. అనుమతితో, పదునాలుగు దినములలో ప్రాథమిక విచారణ జరిపి తరువాత నిర్ణయింపవచ్చునని 173వ సెక్షను మూడవ ఉపవిధి చెప్పుచున్నది. అత్యాచార నేరమునకు శిక్ష అంతకంటె మిక్కిలి పెద్దది గనుక దాని కిది వర్తింపదు. కాని స్త్రీని అవమానింప దలచి చేయివేయు నేరమునకు గరిష్ఠశిక్ష అయిదేండ్లు; అది ఈ కిటికీలోనికే వచ్చును. పేటలోను, బస్సులోను, పనిచేయుచోటను జరుగు లైంగికదాడులలో పెక్కు ఈ తరగతికి చెందినవే. పదునాలుగు దినములు పోలీసునకు తక్కువ కావచ్చును. నిందితుని బంధువులు రాజీకి వచ్చిపోవుటకు మాత్రము చాలును.

పోలీసు పక్షమునను చెప్పవలసినది కలదు, చెప్పకున్న అన్యాయము. అబద్ధపు ఫిర్యాదులు లేవా? ఉన్నవి. ఒక యువకుని బ్రదుకు ఒక్క కాగితముతో కూలిపోవచ్చునని జంకు అధికారి దుర్మార్గుడు కాడు. అయితే అబద్ధము ఎచ్చటనుండి వచ్చుచున్నదో చూడవలెను. 2013 లో ఢిల్లీ జిల్లా కోర్టులు తేల్చిన అత్యాచారపు కేసులను రుక్మిణి యను పత్రికారచయిత్రి పరిశీలించి 2014 లో ‘ది హిందూ’లో ప్రకటించెను. పూర్తిగా వాదములు జరిగిన కేసులలో నూటికి నలుబదికి పైగా, పడుచువారు ఇష్టపడి వెళ్లిపోగా అమ్మాయి తలిదండ్రులు పెట్టినవి వంటివి. మరి యొక నాలుగవవంతు, పెండ్లిమాట తప్పినవి. అనగా అబద్ధపు ఫిర్యాదు పెట్టునది పగబట్టిన స్త్రీ యన్న లోకప్రతీతికిని, కాగితములలో కనబడు నిజమునకును దూరమున్నది. కూతురి యిష్టమును నేరముగా మార్చు తండ్రి అబద్ధమును, అమ్మాయి ఆడిన అబద్ధముగా లెక్క వ్రాయుచున్నారు. ఆ లెక్కను జ్ఞాపకముంచుకొని, ఒంటరిగా వచ్చిన మరియొక స్త్రీని అనుమానించుచున్నారు. కులాంతర వివాహమునకు ఒప్పుకొనని తండ్రి తెచ్చిన కాగితమును క్షణములో నమ్మి, కూలిస్త్రీ తెచ్చినదానిని తిరుగగొట్టు ఠాణాలో లోపించినది జాగ్రత్త కాదు; ఆ జాగ్రత్త ఎవరిపై చూపవలెనో ఎరుగుట.

పెండ్లిమాట కేసులు నిజముగనే చిక్కువి. మొదటినుండియు మోసగింప దలచి యిచ్చిన మాట వేరు, ఇచ్చి నిలుపుకొనలేని మాట వేరు అని సుప్రీంకోర్టు పలుమారులు చెప్పినది. మొదటిరోజున నిందితుని మనస్సులో నేమున్నదో సబిన్‌స్పెక్టరు ఎట్లు తేల్చును? తేల్చలేడు, తేల్చుట ఆయన పనియు కాదు. ఉత్తరములు, ఫోను మాటలు, సాక్షులు, ఇవి సేకరించుట ఆయన పని.

ఇక మూడవ ప్రశ్న, ఏడ్పు నిజమా యన్నది. అధికారులలో పెక్కురకు, బాధితురాలు ఎట్లుండవలెనో ఒక చిత్రము మనస్సున గీయబడి యున్నది: వెక్కి వెక్కి యేడ్వవలెను, చీర చినిగి యుండవలెను, తిన్నగా ఠాణాకే రావలెను, చెప్పినది చెప్పినట్లే మరల చెప్పవలెను. ఈ చిత్రము మన నాటకముల నుండియు, సినిమాల నుండియు వచ్చినది, జీవితమునుండి కాదు. 2017 లో స్వీడను వైద్యులు, స్టాక్‌హోములో అత్యాచారానంతరము చికిత్సకు వచ్చిన 298 మంది స్త్రీల ననుభవములు విచారింపగా, నూటికి డెబ్బదిమంది దాడివేళ తమ శరీరము తమకే లోబడక కొయ్యబారినట్లు చెప్పిరి. నూటికి నలుబదియెనిమిదిమందిలో అది అతితీవ్రముగా నున్నది. పులినోట పడిన లేడి కాళ్లు కదలనట్టిదే యిది. “ఎందుకు కేక వేయలేదు?” అను ప్రశ్నకు ఈ కొయ్యబారుటయే చాలమారులు సమాధానము, ఆ సమాధానము చెప్పుటకు ఆ స్త్రీకే మాట దొరకదు. భయములో జ్ఞాపకము తెగిన పూసలవలె నిలుచును, ముందువెనుకలు తారుమారగును. కనుక రెండుమారుల చెప్పినదానిలో భేదమున్నచో అది అబద్ధమునకు గుర్తు కావచ్చును, కాకపోవచ్చును.

కాకపోవచ్చునని తెలిసికొనుటకు ఒక ఠాణా చెల్లించిన మూల్యము ప్రసిద్ధము. అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున లిన్‌వుడ్ అను పట్టణమున్నది. 2008 ఆగస్టులో పదునెనిమిదేండ్ల పిల్ల, పెంపుడు ఇండ్లలో పెరిగి అప్పుడప్పుడే ఒంటరిగా కాపురము పెట్టినది, కత్తితో వచ్చిన ముసుగువాడు తన్ను కట్టివేసి అత్యాచారము చేసెనని చెప్పినది. చేతులకు కట్టు ఆనవాళ్లున్నవి. కాని ఆమెను లోగడ పెంచిన తల్లులలో ఒకరికి, ఈ పిల్ల ఇంత నెమ్మదిగా చెప్పుచున్నదేమని అనుమానము పుట్టినది. ఆ అనుమానము పోలీసుల చెవిని వేసినది. స్నేహితునకు ఫోను చేసినది కట్టు త్రెంచుకొనుటకు ముందా, తరువాతనా యన్నచోట ఆమె మాటలు పొసగలేదు. మాటిమాటికి అడిగిరి. అబద్ధపరీక్ష పెట్టుదుమనిరి, తప్పినచో జైలనిరి. ఆమె అలసి, కల్పించి చెప్పితినని ఒప్పుకొన్నది. అంతటితో కేసు మూతబడుటయే కాక, అబద్ధపు ఫిర్యాదు నేరము ఆమెపైననే మోపిరి.

రెండున్నర సంవత్సరములకు, 2011 లో, వేయి మైళ్ల ఆవల కొలొరాడోలో ఒక నేరస్థుడు పట్టుబడెను. వాని కెమెరాలో నిలువజేసిన చిత్రములలో లిన్‌వుడ్ పిల్ల చిత్రమున్నది. రొమ్ముపై ఆమె డ్రైవింగు అనుమతి కార్డు పెట్టి తీసినది. నడుమ కాలములో వాడు ఇతరస్త్రీలపై పడెను. వానిని పట్టినవారు గోల్డెన్ పట్టణపు డిటెక్టివు స్టేసీ గాల్‌బ్రైత్, వెస్ట్‌మినిస్టరు పట్టణపు డిటెక్టివు ఎడ్నా హెండర్‌షాట్, ఇరువురును స్త్రీలు. బాధితురాలిని నమ్ముడను మాట పోలీసు శిక్షణలో వినబడుచుండును గదా. గాల్‌బ్రైత్ పద్ధతి అదియును కాదు. విని, విన్నదానిని పరిశోధించి రుజువు చేయుటయో, కొట్టివేయుటయో ఆమె పద్ధతి. లిన్‌వుడ్‌లో వినుటకు ముందే తూచిరి. తూచిన పిదప పరిశోధింప లేదు. ఆ దర్యాప్తును తరువాత పరిశీలించిన మరియొక పోలీసు సార్జంటు, ఆమెను బెదరించి అబద్ధమాడితినని అనిపించిరని వ్రాసెను. పట్టణమువారు 2014 లో లక్షా యేబదివేల డాలర్ల పరిహారమునకు ఒప్పుకొనిరి. ఈ వృత్తాంతమును వెలికితీసిన ఇరువురు పత్రికారచయితలకు 2016 లో పులిట్జరు బహుమాన మబ్బినది.

ఠాణాలోపలి తూనిక బయటివారి కంటబడినచోటనే కొంత మార్పు వచ్చినట్లు అనుభవము చెప్పుచున్నది. ఇంగ్లండులో 1982 జనవరిలో బి.బి.సి. టెలివిజనులో రోజరు గ్రేఫ్ తీసిన చిత్రమున, ఫిర్యాదుకు వచ్చిన స్త్రీని థేమ్స్ లోయ పోలీసు డిటెక్టివులు కసరికొట్టి ప్రశ్నించుట దేశమంతయు చూచినది. అప్పుడు కలిగిన అలజడితో అచటి పోలీసులు ఇట్టి ఫిర్యాదులను వినుటకు స్త్రీ అధికారులకు ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టవలసి వచ్చినది. అమెరికాలో ఫిలడెల్ఫియా పోలీసులు వేలకొలది లైంగికదాడి ఫిర్యాదులను నేరమే కానట్టి ఒక కోడు సంఖ్య క్రింద పడవేసిరని 1999 లో అచటి దినపత్రిక బయటపెట్టెను. ఆ మరుసటి యేటినుండి స్త్రీల పక్షమున పనిచేయు న్యాయవాదులు ఏటేట ఠాణాకు పోయి, ఆధారము లేదని మూసిన దస్త్రములను తామే చదివి, ఇచట సాక్షి నడుగలేదు, ఇచట నమ్మకపోవుటకు కారణము వ్రాయలేదు అని పోలీసులకే చూపుచుండిరి. ఇందు కొత్త చట్టము లేదు, ఖర్చును లేదు. మన రాష్ట్రములలో “వాస్తవ విరుద్ధము” అని మూయబడు అత్యాచార దస్త్రములను పోలీసులు, మేజిస్ట్రీటు తప్ప వెలుపలి కన్ను చూచు ఏర్పాటు లేదు. ఆ యేర్పాటునకు అడ్డమేమో ఎవరైన చెప్పవలెను.

తెలంగాణములో షీ టీములు 2014 లో, బాధితులకు వైద్యము, వాంగ్మూలము, న్యాయసలహా ఒకేచోట దొరకునట్లు హైదరాబాదున భరోసా కేంద్రము 2016 లో ఏర్పడినవి. మంచి ప్రయత్నములే. అయినను 2019 నవంబరు 27 రాత్రి, శంషాబాదు దగ్గర కనబడకపోయిన యువవైద్యురాలి కుటుంబమువారు ఠాణాకు పోగా, ఇది మా సరిహద్దు కాదన్న వాదముతో అమూల్యమైన సమయము గడచినది. జాప్యము చేసిరని ఒక సబిన్‌స్పెక్టరును, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండు చేసిరి. నేరము ఎచట జరిగినను ఏ ఠాణాయైన నమోదు చేయవలెనను జీరో ఎఫ్.ఐ.ఆర్. పద్ధతి అప్పటికే యున్నది. డిసెంబరు 6 తెల్లవారుజామున నలువురు నిందితులు పోలీసు కాల్పులలో మరణించినపుడు జనము పోలీసులపై పూలు చల్లిరి. ఆ కాల్పులు ఆత్మరక్షణకు కావని 2022 లో సిర్పూర్కరు సంఘము చెప్పినది. పూలు చల్లిన చేతులలో ఎన్ని ఆ తొలిరాత్రి ఠాణాలో జరిగినదానిని గూర్చి ఒక అర్జీ వ్రాసినవో!

ఇక ఠాణాలో వ్రాత సంగతి. మన వాంగ్మూలములు చదివినవారికి ఒక విచిత్రము తోచును. వారెవ్వరైనను, ఏ సీమవారైనను, ఒకే తెలుగు మాటలాడుదురు. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, వృత్తి, నివాసము. పిదప “నా యిష్టమునకు విరుద్ధముగా” అను మాట. కడపట “చదివి వినిపించగా నిజమని ఒప్పుకొన్నాను” అను మాట. అది ఆమె పలుకు కాదు, రైటరు పలుకు. ఆమె “వాడు మీద పడ్డాడు, నేను రాయిలాగ అయిపోయినాను” అని చెప్పియుండును; కాగితముపై “ప్రతిఘటించితిని” అని పడును, కేసు బలపడునను సదుద్దేశముతోనే. రెండేండ్లకు కోర్టులో ఆమె తన మాటే మరల చెప్పును. ప్రతివాది న్యాయవాది రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి, ఇదిగో వైరుధ్యమనును. 1996 లో గుర్మీత్‌సింగు కేసులో సుప్రీంకోర్టు, చిన్నచిన్న వైరుధ్యములకు విలువనీయవలదనియు, ఆమె నేరములో భాగస్వామి కాదు గనుక ఆమె మాటకు వేరొక సాక్ష్యపు ఊత కోరవలదనియు చెప్పినది. కాని వైరుధ్యమును పుట్టించిన కలమును గూర్చి అంతగా ఎవరును ప్రస్తావింపరు.

తెలుగే తల్లిభాష కానిచో ఈ చిక్కు రెట్టింపగును. విశాఖ మన్యమున జి.మాడుగుల మండలములో వాకపల్లి యను కోందుల పల్లె యున్నది. 2007 ఆగస్టు 20 న గాలింపునకు వచ్చిన గ్రేహౌండ్సు పోలీసులు తమపై అత్యాచారము చేసిరని పదకొండుమంది స్త్రీలు చెప్పిరి. ఇది మావోయిస్టులు పలికించిన పలుకని పోలీసు పెద్దలు దర్యాప్తు పూర్తికాకయే ప్రకటించిరి. కేసు హైకోర్టు, సుప్రీంకోర్టు మెట్లెక్కి దిగి, పదునారవయేట, 2023 ఏప్రిలులో, విశాఖపట్టణపు ప్రత్యేక కోర్టులో ముగిసినది. నిందితులు నిర్దోషులుగా విడుదలైరి. దర్యాప్తు సక్రమముగా జరుగలేదనియు, ఆ స్త్రీలకు పరిహార మీయవలెననియు ఆ కోర్టే చెప్పినది. దర్యాప్తు చేసినవారును, చేయబడినవారును ఒకే శాఖవారు. పదకొండుమందిలో కొందరు తీర్పునాటికి జీవించి లేరు. మిగిలినవారి వాంగ్మూలములు తెలుగున ఉన్నవి, “చదివి వినిపించగా నిజమని ఒప్పుకొన్నాను” అను వాక్యముతో సహా. కోందుల యింటిభాష కువి.